గడువు ఎందుకు దాటుతుంది? ప్రాజెక్ట్ నడపడంపై తెగని వాదన

ఐదారు వందల మంది పనిచేసే ఒక కంపెనీ పాత జీతాల సాఫ్ట్‌వేర్ తీసేసి కొత్తది పెట్టుకోవాలనుకుందని అనుకుందాం. నాలుగు నెలల్లో అయిపోతుందని మీటింగులో అందరూ తలూపుతారు. అసలు సంగతులు పని మొదలయ్యాక బయటపడతాయి. పీఎఫ్ ఖాతాల్లోని పేర్లు ఆధార్‌లోని పేర్లతో కలవవు. ఎవరికి ఎన్ని సెలవులు మిగిలాయో హెచ్‌ఆర్‌లో ఒక్క మనిషి ఎక్సెల్ షీట్‌లోనే ఉంటుంది, ఆ మనిషికి రోజువారీ పనే తెమలదు. పాతదాన్నీ కొత్తదాన్నీ రెండు నెలలు పక్కపక్కన నడిపి లెక్కలు సరిపోల్చాలని ఫైనాన్స్ వాళ్లు పట్టుబడతారు. ఆ రెండు నెలలూ వచ్చి ఫిబ్రవరి, మార్చిల్లో పడతాయి. టీడీఎస్ లెక్కలు తేలే సమయంలో కొత్త వ్యవస్థ జోలికి వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలదు. నాలుగు నెలలన్నది పది నెలలవుతుంది.

ఇందులో పని ఎగ్గొట్టినవాళ్లు లేరు, పని రానివాళ్లూ లేరు. అయినా ఎందుకు ఇలా అయింది? ముందే సరిగ్గా ప్లాన్ చేసుకోలేదని కొందరంటారు. అసలు అంత ముందుగా ప్లాన్ చేయడమే తప్పని ఇంకొందరు. మనిషి అంచనా ఎప్పుడూ ఆశవైపే మొగ్గుతుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంటారు. పది నెలలని నిజం చెబితే బడ్జెట్ వచ్చేది కాదు కాబట్టే నాలుగని చెప్పారని వాదించేవాళ్లూ ఉన్నారు. ఈ ప్రతి జవాబు వెనకా దశాబ్దాల పరిశోధన ఉంది. ఇబ్బందేమిటంటే, ఆఫీసుల్లో ఇవన్నీ కలగాపులగమైపోయాయి. జబ్బేమిటో చూడకుండా చేతికందిన మందు వాడుతున్నారు. అందుకే ఏ వాదం ఏ అడ్డంకిని చూసి పుట్టిందో వరుసగా చూడాలి.

పటాల మీద నమ్మకం

పనుల్నీ కాలాన్నీ ఒకే కాగితం మీద చూపించాలన్న ఆలోచన ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. పోలండ్ ఇంజినీరు కరోల్ అడమీట్స్కీ 1896లోనే అలాంటి పటం గీశారు. 1910ల్లో అమెరికాలో హెన్రీ గాంట్ తన పటానికి ప్రచారం తెచ్చారు. గాంట్ చార్టులో ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో కనిపిస్తుంది. ఏ పని దేనికోసం ఆగిందో మాత్రం ఆ తొలి పటాల్లో సరిగా తెలిసేది కాదు.

ఆ లోటు 1957, 58 సంవత్సరాల్లో తీరింది. డూపాంట్ రసాయన కంపెనీలో మోర్గాన్ వాకర్, రెమింగ్టన్ రాండ్ నుంచి జేమ్స్ కెల్లీ కలిసి క్రిటికల్ పాత్ పద్ధతిని రూపొందించారు. ఇంచుమించు అదే సమయంలో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి కోసం పెర్ట్ పద్ధతిని తెచ్చింది. రెండింటి సారం ఒకటే. నలభై పనులున్న ప్రాజెక్టులో చివరి తేదీని నిర్ణయించేవి ఏడెనిమిదే ఉంటాయి. మన జీతాల పనిలో పాత లెక్కల బదిలీ, వాటి తనిఖీ, రెండు నెలల పక్కపక్క నడక, ఫైనాన్స్ ఆమోదం ఒక గొలుసు. ఉద్యోగుల శిక్షణ వారం వెనక్కి జరిగినా కొంప మునగదు. సెలవుల లెక్క వారం వెనక్కి జరిగితే మొత్తం పని వారం వెనక్కి జరుగుతుంది. నాయకుడి కన్ను ఎక్కడుండాలో ఇంత తేటగా చెప్పిన పద్ధతి అంతకుముందు లేదు.

పొలారిస్ అనుకున్నదానికన్నా త్వరగా సముద్రంలోకి వెళ్లడంతో పెర్ట్‌కు గొప్ప పేరొచ్చింది. అయితే హార్వీ సపోల్‌స్కీ 1972లో ఆ ప్రాజెక్టు చరిత్ర రాస్తూ వేరే సంగతి చెప్పారు. క్షిపణిని తయారుచేసినవాళ్లకు పెర్ట్ ఉపయోగపడింది కొంతే. బయటి అధికారులు వేలు పెట్టకుండా ఆపడానికి మాత్రం ఆ పటాలు బాగా పనికొచ్చాయి. నేటి ఆఫీసుల్లో గోడలకు అంటించే రంగురంగుల ప్లాన్లను చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. పటం ఎవరి కోసం గీశారు, పని చేసేవాళ్ల కోసమా, పైవాళ్ల కోసమా అన్నది పటంలో కనిపించదు.

ఈ ఆలోచనా బడికి చెందినవాడే అయినా ఎలియాహు గోల్డ్‌రాట్ ఒక కొత్త అడ్డంకిని చూపించారు. ప్రతి ఒక్కరూ తమ అంచనాలో కొంత జాగ్రత్త సమయం దాచుకుంటారు. ఇచ్చిన సమయమంతా నిండేదాకా పని సాగుతుందని పార్కిన్సన్ 1955లోనే రాశారు కాబట్టి, ఆ దాచుకున్న రోజులన్నీ ఎటూ కాకుండా ఖర్చైపోతాయి. గోల్డ్‌రాట్ 1997లో చెప్పిన ఉపాయం ఇది: విడివిడి జాగ్రత్తలన్నీ తీసేసి ఒకే బఫర్‌గా చివర్లో పెట్టండి. ఉపాయం మంచిదే. కానీ తన బఫర్ వదులుకున్న ఉద్యోగిని రేపు ఆలస్యానికి బాధ్యుడిని చేయరన్న నమ్మకం కావాలి. ఆ నమ్మకం లేనిచోట ఎవరూ నిజమైన అంచనా చెప్పరు.

మనుషుల్ని పెంచితే పని త్వరగా అవుతుందా?

ఈ ప్రశ్నకు ఫ్రెడ్ బ్రూక్స్ ఇచ్చిన జవాబును దాటిన జవాబు ఇంతవరకు రాలేదు. ఐబీఎంలో ఓఎస్/360 ఆపరేటింగ్ సిస్టమ్ తయారీని నడిపిన ఆయన 1975లో రాసిన పుస్తకంలో, ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని చేర్చితే ఇంకా ఆలస్యమవుతుందని తేల్చారు. లెక్క సులువే. ఐదుగురున్న జట్టులో ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవాల్సిన జతలు 10. పదిమందైతే 45. పదిహేనుమందైతే 105. కొత్తగా వచ్చినవాళ్లకు పని నేర్పాల్సింది పాతవాళ్లే. అంటే ఇప్పటికే వెనకబడినవాళ్ల చేతుల్లోంచి ఇంకొంత సమయం పోతుంది.

హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఈ మాట తెలియని మేనేజర్ ఉండకపోవచ్చు. అయినా క్లయింట్ కోప్పడిన రోజున ఇంకో నలుగురు రిసోర్సులను ఇస్తామని చెప్పడమే ఆనవాయితీ. మనుషుల సంఖ్యను బట్టి బిల్లు వేసే ఒప్పందాల్లో ఆ జవాబు కంపెనీకి నష్టం కాదు. బ్రూక్స్ చెప్పింది అబద్ధమని ఎవరూ అనడం లేదు, ఆచరించేలా చేసే కారణమే ఒప్పందంలో లేదు.

బ్రూక్స్ మాటకు హద్దులూ ఉన్నాయి. విడివిడిగా చేయదగ్గ పనులకు, ప్రాజెక్ట్ తొలి దశలో చేర్చే మనుషులకు అది అంతగా వర్తించదు. పీఎఫ్ పేర్లు సరిచేయడం ఇరవై మందికి పంచిపెట్టగల పని. సెలవుల లెక్క ఎక్కడ తప్పిందో వెతకడం అలాంటిది కాదు.

రెండు వారాలకోసారి

మొదటి నుంచి చివరిదాకా అన్నీ ముందే నిర్ణయించి మెట్టుమెట్టుగా చేసుకుపోయే పద్ధతికి విన్‌స్టన్ రాయిస్ 1970 నాటి వ్యాసాన్ని మూలంగా చూపిస్తుంటారు. చిత్రమేమిటంటే, వెనక్కి తిరిగి చూసుకోకుండా అలా పోవడం ప్రమాదమని ఆ వ్యాసంలోనే ఆయన హెచ్చరించారు. ఆ హెచ్చరికను పట్టించుకోని దశాబ్దాలకు ప్రతిచర్యగా అజైల్ వచ్చింది. టకేఉచి, నొనాకా 1986లో జపాన్ కంపెనీల ఉత్పత్తుల తయారీ మీద రాసిన వ్యాసం, ష్వేబర్, సదర్లండ్ 1995లో ప్రకటించిన స్క్రమ్ పద్ధతి, 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్‌లో పదిహేడుమంది కలిసి రాసిన ప్రకటన దీని మైలురాళ్లు.

వీళ్ల నిర్ధారణ ప్రకారం అసలు అడ్డంకి అజ్ఞానం. ఏం కావాలో పని మొదట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు. కాబట్టి రెండు వారాలకోసారి పనిచేసే ముక్కను వాడేవాళ్ల చేతిలో పెట్టి, వాళ్లు చెప్పేది విని దిశ మార్చుకోవాలి. మన కంపెనీ ముందు ఒక్క శాఖ జీతాలను మాత్రమే కొత్తదాంట్లో నడిపి చూసి ఉంటే పేర్ల గొడవ మూడో వారంలోనే బయటపడేది.

ఈ వాదం బలం కాదనలేనిది. కానీ వ్యాపించిన కొద్దీ రూపం మిగిలి ప్రాణం పోయింది. ప్రకటన మీద సంతకం చేసిన డేవ్ థామస్ 2014లోనూ, మార్టిన్ ఫౌలర్ 2018లోనూ ఈ పద్ధతిని అమ్మకపు సరుకుగా మార్చారని బహిరంగంగా బాధపడ్డారు. మన ఐటీ సేవల రంగంలో చిక్కు ఇంకాస్త లోతుగా ఉంది. ధర, తేదీ, చేయాల్సిన పనుల జాబితా మూడూ ఒప్పందంలోనే బిగించి ఉంటాయి. ఆపైన టీములో రోజూ ఉదయం స్టాండప్ మీటింగ్ పెడతారు. దిశ మార్చుకునే వీలే లేని జట్టుకు రెండు వారాల స్ప్రింట్ నేర్పేదేమీ ఉండదు, ఒక్క పెద్ద గడువు ఇరవై చిన్న గడువులవుతుంది అంతే.

రెండు బడుల మధ్య గోడ మాత్రం ఇప్పుడు పలచబడింది. 1969లో పుట్టిన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ తన ప్రామాణిక గ్రంథాన్ని చాలాకాలం ప్రక్రియల జాబితాగానే నడిపింది. 2021 నాటి ఏడో కూర్పులో ఆ చట్రాన్ని వదిలి పన్నెండు సూత్రాల చుట్టూ పుస్తకాన్ని తిరగరాసింది.

అంచనాలో పొరపాటా, అబద్ధమా?

ఈ చర్చలో అన్నిటికన్నా పదునైన భాగం ఇది. మనస్తత్వ శాస్త్రజ్ఞులు కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో ఒక సంగతి గుర్తించారు. మనం అంచనా వేసేటప్పుడు మన ముందున్న పని వివరాల్లో మునిగిపోతాం. ఇలాంటి పనులకు ఇతరులకు ఎంతకాలం పట్టిందో అడగం. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ దీన్ని విద్యార్థుల మీద పరీక్షించారు. తమ పరిశోధన వ్యాసం పూర్తిచేయడానికి సగటున 34 రోజులు పడుతుందని 37 మంది విద్యార్థులు చెప్పారు. ఏ పనీ సవ్యంగా జరగకపోతే 49 రోజులన్నారు. నిజానికి పట్టింది 55 రోజులు. అంటే వాళ్లు ఊహించగలిగిన చెడ్డ పరిస్థితి కూడా నిజంకన్నా మెరుగ్గానే ఉంది. అంచనాకు పది శాతం కలిపి జాగ్రత్తపడ్డామనుకునే ప్రతి ప్రాజెక్ట్ లీడరూ ఈ ఫలితం దగ్గర ఒక్కసారి ఆగాలి.

కానెమన్ తన అనుభవమే ఒకటి రాశారు. ఇజ్రాయెల్‌లో హైస్కూలు పాఠ్యప్రణాళిక రాయడానికి కూర్చున్న బృందం రెండేళ్లు చాలనుకుంది. ఇలాంటి బృందాలకు మామూలుగా ఎంత పడుతుందని అందులోని నిపుణుణ్ణి అడిగితే, నలభై శాతం పూర్తే చేయలేదని, చేసినవాళ్లకు ఏడు నుంచి పదేళ్లు పట్టిందని చెప్పాడు. తన అంచనా రాసేటప్పుడు ఆ నిపుణుడికి కూడా ఆ సంగతి తోచలేదు. విన్నాక కూడా ఎవరూ పని ఆపలేదు. చివరికి ఎనిమిదేళ్లు పట్టింది.

డెన్మార్క్ పరిశోధకుడు బెంట్ ఫ్లూబ్యా దీన్ని ఇంకో మలుపు తిప్పారు. ఆయన బృందం 258 రవాణా ప్రాజెక్టుల లెక్కలు చూసి 2002లో ప్రచురించిన వ్యాసం ప్రకారం పదింట తొమ్మిది అంచనా ఖర్చు దాటాయి. రైలు ప్రాజెక్టుల్లో సగటు పెరుగుదల 45 శాతం, రోడ్లకు 20 శాతం. పొరపాటైతే కొన్ని ఎక్కువా కొన్ని తక్కువా ఉండాలి కదా? డెబ్భై ఏళ్ల లెక్కల్లోనూ తప్పు ఒకేవైపు ఉంటే, అనుమతి సంపాదించడానికి ఖర్చు తగ్గించి చూపుతున్నారనే అనుకోవాలన్నది ఆయన వాదం. ఆస్ట్రేలియాకు చెందిన పీటర్ లవ్ వంటివారు దీన్ని ఒప్పుకోలేదు. అంచనాను ఏ రోజు నుంచి లెక్కపెడతామన్న దాన్ని బట్టి ఆ శాతాలు మారిపోతాయి, పని పరిధి మధ్యలో పెరగడాన్ని అబద్ధం ఖాతాలో వేయలేమన్నది వారి అభ్యంతరం.

ఆర్థికవేత్త ఆల్బర్ట్ హిర్ష్‌మన్ 1967లోనే మూడో మాట చెప్పారు. ముందున్న కష్టాలన్నీ తెలిస్తే మనుషులు ఏ పెద్ద పనీ మొదలుపెట్టరు, ఆ అజ్ఞానమే వాళ్లను ముందుకు తోసి తమలోని నేర్పును బయటికి తెస్తుందన్నారు. ఫ్లూబ్యా, కాస్ సన్‌స్టీన్ కలిసి తర్వాత లెక్కలు వేసి, అలా మేలు జరిగిన సందర్భాలు తక్కువని, దెబ్బతిన్నవే ఎక్కువని రాశారు. హిర్ష్‌మన్ మాటలో నిజం లేకపోలేదు కానీ, దాన్ని జట్టు నెత్తిన పెట్టడానికి నాయకుడికి హక్కు లేదు. తెలిసి తక్కువ చెప్పిన గడువుకు మూల్యం చెల్లించేది రాత్రిళ్లు, ఆదివారాలు ఆఫీసులో గడిపే కింది ఉద్యోగులే.

చెడు కబురు పైకి ఎందుకు రాదు?

జట్టులోని భయాన్నీ మౌనాన్నీ పట్టించుకునే ఈ బడి పేరు ప్రాజెక్ట్ పుస్తకాల్లో ఆలస్యంగా చేరింది. నా దృష్టిలో మాత్రం మిగతా అన్ని మందులూ పనిచేయడం, చేయకపోవడం దీనిమీదే ఆధారపడింది.

ఎమీ ఎడ్మండ్‌సన్ 1990ల్లో ఆసుపత్రి నర్సుల జట్లలో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే లెక్కలు తిరగబడ్డాయి. మంచి నాయకత్వమున్న జట్లలోనే ఎక్కువ నమోదయ్యాయి. అక్కడ తప్పులు ఎక్కువని కాదు, చెప్పుకోవడానికి భయం తక్కువ. 1999లో ఒక తయారీ కంపెనీలోని 51 జట్ల మీద చేసిన అధ్యయనంలో ఆమె దీనికి మానసిక భద్రత అన్న పేరు స్థిరపరిచారు. తర్వాత గూగుల్ తన జట్లను పరిశీలించినప్పుడూ ఇదే అంశం ముందు వరుసలో నిలిచింది.

ప్రతి శుక్రవారం వెళ్లే స్టేటస్ రిపోర్టును ఈ కళ్లతో చూడండి. పదకొండు వారాలు అన్ని గడులూ గ్రీన్. పన్నెండో వారం యూజర్ టెస్టింగ్ మొదలయ్యేసరికి ఒక్కసారిగా రెడ్. ఒక్క వారంలో అంత చెడిపోయే పని ఉండదు. జూనియర్‌కు ఐదో వారంలోనే తెలుసు, టీమ్ లీడ్‌కు మొహమాటం, మేనేజర్‌కు అప్రైజల్ భయం. గడి దాటిన ప్రతిచోటా ఎరుపు కాస్త పచ్చబడుతూ పోయింది.

దీని అతి విషాదమైన రూపం 1986 జనవరి 28న లోకమంతా చూసింది. చలిలో రబ్బరు సీళ్లు సరిగా పనిచేయవని, ప్రయోగం వద్దని ముందురోజు రాత్రి థయోకోల్ కంపెనీ ఇంజినీర్లు వాదించారు. వాళ్ల మాటను వాళ్ల మేనేజర్లే పక్కనపెట్టారు. అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్‌లోని ఏడుగురూ మరణించారు. పదేళ్ల తర్వాత డయాన్ వాన్ తన పుస్తకంలో చూపింది ఇంకా కలవరపెడుతుంది. ఆ రాత్రి ఎవరూ నియమం మీరలేదు. చిన్న లోపాన్ని ఒకసారి ఫరవాలేదనుకుని, మరోసారి అనుకుని, చివరికి అదే మామూలు స్థితి అయిపోయింది.

గ్యారీ క్లైన్ 2007లో చెప్పిన ప్రీమార్టమ్ ఈ మౌనాన్ని తొలగించే చిన్న పనిముట్టు. పని మొదలుకాకముందే జట్టును కూర్చోబెట్టి, ఈ ప్రాజెక్ట్ ఘోరంగా విఫలమైందనుకోండి, ఎందుకో రాయండి అంటారు. ప్రతి ఒక్కరూ ఎవరికి వారు రాస్తారు, తర్వాత చదువుతారు. అనుమానం చెప్పడం నమ్మకద్రోహంలా కనిపించకుండా అదే అప్పగించిన పనవుతుంది. గంటలో అయిపోతుంది, ఖర్చు లేదు. సెలవుల లెక్కంతా తన ఒక్కదాని దగ్గరే ఉందని హెచ్‌ఆర్ ఉద్యోగిని ఆ కాగితం మీద తప్పకుండా రాసి ఉండేది.

మన దగ్గరి అనుభవం

శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టు 10న ఎగిరిన ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ప్రయోగానికి ముందు కంప్యూటర్ ఆగమని చూపినా నిపుణుల సలహాతో ముందుకే వెళ్లామని ప్రాజెక్ట్ డైరెక్టర్ అబ్దుల్ కలాం తర్వాత ఎన్నో వేదికల మీద చెప్పారు. విలేకరుల ముందు బాధ్యత తలకెత్తుకున్నది ఇస్రో చైర్మన్ సతీశ్ ధావన్. 1980 జులై 18న విజయం వచ్చినప్పుడు విలేకరుల దగ్గరికి వెళ్లమని ఆయన కలాంను పంపారు. ఈ కథను మంచితనానికి ఉదాహరణగా చెప్పుకుంటాం. అంతకన్నా అది ప్రాజెక్ట్ నడిపే పద్ధతి. నింద పైన ఆగితేనే కిందివాళ్లు తప్పును దాచకుండా వెతుకుతారు. చంద్రయాన్-2 దిగడంలో విఫలమయ్యాక కూడా ఇస్రో ఇదే దారిన నడిచింది. ఏవేవి విఫలం కావచ్చో ముందే ఎంచుకుని, అయినా దిగగలిగేలా చంద్రయాన్-3ని రూపొందించామని అప్పటి చైర్మన్ సోమనాథ్ చెప్పారు.

కాకినాడ ఇంజినీరింగ్ కళాశాలలో చదివిన ఇ. శ్రీధరన్‌ది మరో దారి. తాను నడిపిన కొంకణ్ రైల్వేలోనూ, ఢిల్లీ మెట్రోలోనూ ఇంకెన్ని రోజులు మిగిలాయో చూపే గడియారాలు కార్యాలయాల్లో పెట్టించారు. పత్రికలకు ఎక్కింది ఆ గడియారం. అసలు బలం మాత్రం ఆయన ముందే సాధించుకున్న అధికారాల్లో ఉంది. మనుషుల ఎంపిక, టెండర్ల నిర్ణయం సంస్థ చేతిలోనే ఉన్నాయి. ఆ అధికారం కూడా అన్నిటికీ చాలలేదు. మెత్తటి నేలలో సొరంగాలు, గోవాలో మార్గంపై ఆందోళన కారణంగా కొంకణ్ మార్గం ముందనుకున్న ఐదేళ్లు దాటి 1998 జనవరిలో పూర్తయింది.

హైదరాబాద్ మెట్రో ఒప్పందం 2010లో కుదిరింది. తొలి రైలు 2017 నవంబరులో నడిచింది, 69 కిలోమీటర్లు 2020 ఫిబ్రవరికి పూర్తయ్యాయి. ఆస్తుల సేకరణ, సుల్తాన్‌బజార్ వంటిచోట్ల మార్గంపై అభ్యంతరాలు, మధ్యలో రాష్ట్రమే రెండు కావడం, ఇవన్నీ ఇంజినీర్ల చేతిలో లేనివి. ఒకే పటం, ఒకే గడియారం రెండు నగరాల్లో ఒకే ఫలితం ఇవ్వవు.

ఏ అడ్డంకికి ఏ బడి?

పనులు ఒకదాని మీద ఒకటి ఆధారపడి, ఏం చేయాలో స్పష్టంగా తెలిసినచోట క్రిటికల్ పాత్‌ను మించినది లేదు. ఆఫీసు తరలింపు, ఫ్యాక్టరీ షట్‌డౌన్, ఆడిట్ ఇలాంటివి. ఏం కావాలో వాడేవాళ్లకే తెలియనిచోట అజైల్, అయితే దిశ మార్చే అధికారం జట్టుకు ఉంటేనే. అంచనా దగ్గరే అనుమానముంటే, సొంత తెలివిని పక్కనపెట్టి ఇదే తరహా పాత పనులు ఐదారింటికి నిజంగా ఎంత పట్టిందో రికార్డులు తీయాలి. చాలా ఆఫీసుల్లో పాత ప్రాజెక్టుల అసలు తేదీలు ఎక్కడా రాసి ఉండవు, అదే ముందు సరిచేయాల్సిన లోపం. అంచనా పొరపాటు కాకుండా వ్యూహమైతే ఏ సాఫ్ట్‌వేరూ పనికిరాదు, చెప్పినవాళ్లను తర్వాత అడిగే ఏర్పాటు కావాలి. ఇక రిపోర్టులన్నీ వారాల తరబడి పచ్చగానే ఉంటే, పద్ధతి మార్చేముందు చివరిసారి ఎరుపు చూపినవాడికి ఏమైందో విచారించాలి.

తేలనివి

అసలు ఎన్ని ప్రాజెక్టులు విఫలమవుతున్నాయన్నదే తేలలేదు. ఐటీ ప్రాజెక్టుల్లో 16 శాతమే సవ్యంగా ముగుస్తాయన్న స్టాండిష్ గ్రూప్ 1994 నివేదిక అంకెను ఇప్పటికీ ప్రసంగాల్లో వాడుతున్నారు. అందులో ఖర్చు పెరుగుదల సగటు 189 శాతం. నార్వే పరిశోధకులు యోర్గెన్‌సెన్, మోలొకెన్ 2006లో మిగతా సర్వేలతో పోల్చి చూస్తే వాటిలో ఖర్చు పెరుగుదల అంచనాలో మూడో వంతు దగ్గరే ఉంది. అంచనాకు దగ్గరగా ముగియడమే విజయమైతే, పెంచి అంచనా వేసినవాడు ఎప్పుడూ విజేతే అన్న విమర్శకు కూడా సమాధానం రాలేదు.

మానసిక భద్రత విజయానికి కారణమా, విజయం వల్ల వచ్చే ఫలితమా అన్నది ఇంకో ప్రశ్న. బాగా నడిచే జట్టులో మాట్లాడటం సహజంగానే సులువు.

అన్నిటికన్నా తక్కువ చర్చ జరిగింది కొనుగోలు నియమాల మీద. తక్కువ కోట్ చేసినవాడికే పని దక్కే టెండర్లో నిజమైన గడువు, నిజమైన ధర రాసినవాడు గుమ్మంలోనే ఓడిపోతాడు. గెలిచినవాడి జట్టు ఆ తర్వాత ఏ పద్ధతి వాడినా ఆ తొలి అబద్ధాన్ని మోస్తూనే నడవాలి. కేంద్ర ఆర్థిక శాఖ 2021 అక్టోబరులో ఇచ్చిన మార్గదర్శకాలు నాణ్యత ముఖ్యమని ప్రకటించిన పనులకు ధరతోపాటు నాణ్యతనూ లెక్కలోకి తీసుకోవచ్చన్నాయి, కానీ నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం వెయిటేజీ మాత్రమే. ధర వైపు మిగిలిన 70 శాతం నిజమైన అంచనాను నిలబడనిస్తుందా, ప్రైవేటు కంపెనీల కొనుగోలు విభాగాలు కనీసం ఆ 30 అయినా ఇస్తాయా అన్నది ప్రాజెక్ట్ లీడర్లు తమ సంస్థల్లో ఇంకా గట్టిగా అడగాల్సిన ప్రశ్న.